కాలిపోయినా ఏడుపు రాని బోర్డు కావాలి

ఎడిటర్ గారికి నమస్తే అండి.

మీ పేపర్లో ఈమధ్య చిప్పుల గురించి తెగ వస్తోంది, నానోమీటర్లంటారు, ఫ్యాక్టరీలంటారు, ఏఐ చిప్పులంటారు, అన్నీ వదలకుండా చదువుతున్నా, బానే ఉంటున్నాయి. కానీ అవన్నీ చదివాక ఒక మామూలు మనిషికి 'అసలు ఈ చిప్పు సంగతేంటో నేనూ ఒకటి చేత్తో పట్టుకుని నడిపించి చూద్దాం' అనిపిస్తే ఏం కొనాలి, ఎంత పెట్టాలి, కొన్నది కాలిపోతే ఏంటి పరిస్థితి అనేది మాత్రం ఎక్కడా రాదు. నేను రాసేది దాని గురించే. కొంచెం పొడుగవుతుంది, మీరు ఎంత కత్తిరించుకున్నా ఫర్లేదు గానీ బోర్డు కాలిపోయిన సంగతి మాత్రం ఉంచండి ప్లీజ్.

ముందే చెప్పేస్తున్నా, నేను ఇంజినీర్ని కాదు. పగలంతా ఆఫీసులో లెక్కలు రాసుకునే ఉద్యోగం, రాత్రి తొమ్మిది దాటాక టేబుల్ మీద తీగలు పరుచుకుని కూర్చోడం, ఇది నా పిచ్చి. మైక్రోకంట్రోలర్ అంటే తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క, మీ వాషింగ్ మెషీన్లో, రిమోట్లో, కీబోర్డులో, డిజిటల్ థర్మామీటర్లో కూర్చుని ఒకే పని పొద్దస్తమానం చేస్తుంటుందే ఒక చిన్న చిప్పు, అదే. ప్రాసెసరు, కాస్త మెమరీ, బయటి తీగల్ని తగిలించడానికి పిన్నులు అన్నీ ఒక్క ముక్కలోనే ఉంటాయి. ఆ చిప్పుని ఒక చిన్న బోర్డు మీద అతికించి, పక్కన యూఎస్‌బీ పెట్టి, మనం రాసుకున్న ప్రోగ్రామ్ అందులోకి ఎక్కించుకునేలా చేస్తే అదే మైక్రోకంట్రోలర్ బోర్డు. ఎంత చిన్నదంటే, ఆర్డునో ఊనో అనే బోర్డు మీదుండే ఏటీమెగా328పీ చిప్పులో ప్రోగ్రామ్ కోసం 32 కేబీ, పని చేసుకోడానికి 2 కేబీ మెమరీ, అంతే. తెలుగు అక్షరం ఒక్కోటీ యూనికోడ్‌లో 3 బైట్లు తింటుంది కాబట్టి నేను మీకు రాస్తున్న ఈ ఉత్తరమే దాంట్లో పట్టదు. అలాంటిది ఆ బుల్లి చిప్పుతో జనం కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కే మెషీన్లు నడిపించారండీ.

సరే అసలు విషయానికొస్తా. నేను మొదట కొన్నది కాస్త ఖరీదైన బోర్డే, వైఫై, బ్లూటూత్, చిన్న స్క్రీను అన్నీ ఉన్నది, ఎలాగూ కొంటున్నాం కదా మంచిదే కొందాం అని. రెండు నెలలు దాన్ని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నా. ప్రతి తీగ పెట్టేముందు మూడుసార్లు చూడ్డం, ఫోటో తీసుకోడం, నెట్‌లో ఉన్న బొమ్మతో పోల్చుకోడం. అప్పుడు చిన్న మోటార్ పంపు ఒకటి రిలేతో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు అది) నడిపిద్దామనిపించింది, దానికి 12 వోల్టుల అడాప్టర్ కావాలి. ఒకరోజు రాత్రి నిద్రమత్తులో బ్రెడ్‌బోర్డు, అంటే తీగలు గుచ్చుకునే చిల్లుల ప్లాస్టిక్ పలక, పక్కకి జరుపుతుంటే ఆ 12 వోల్టుల తీగ ఊడి నేరుగా పోయి 3.3 వోల్టుల పిన్ను మీద పడింది. 'టిక్' అని ఒక చిన్న చప్పుడు, అంతే. పొగ కూడా సరిగా రాలేదు. వాసన మాత్రం వచ్చింది, ఆ వాసన ఒకసారి చూసినవాడు జన్మలో మర్చిపోడు. కంగారులో చిప్పు మీద వేలు పెడితే చుర్రుమంది, వేలి మీద పొక్కు. వేలి సంగతి అటుంచి నేను మాత్రం ఆ బోర్డుని మళ్ళీ మళ్ళీ కంప్యూటర్‌కి గుచ్చి చూస్తూనే ఉన్నా, ఏమో బతుకుతుందేమోనని.

బతకలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలిగించలేదండి. డబ్బు లేకకాదు, మరీ అంత పెద్ద మొత్తమేం కాదు అది. కానీ ఇంట్లో 'మళ్ళీనా, ఆ ఆటబొమ్మకా' అనే మాట ఒకటుంటుంది చూడండి, అది పడాలి. దానికంటే మన లోపల కూడా ఒకడు కూర్చుని 'నీకెందుకురా ఇవన్నీ' అంటుంటాడు. వాడి నోరు మూయించడం ఇంకా కష్టం. ఆ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నది సున్నా, గుండు సున్నా. అందుకే అంటున్నా, నేర్చుకునేవాడి బోర్డు ఎంత గొప్పది అన్నది కాదు చూడాల్సింది, అది కాలిపోయిన మర్నాడు వాడు ఇంకోటి కొనగలడా లేదా అన్నది చూడాలి. ఈత నేర్చుకునేవాడు నీళ్ళు మింగుతాడు, ఇది నేర్చుకునేవాడు చిప్పులు కాలుస్తాడు, అది తప్పదు.

అసలు ఈ హాబీ బోర్డులు పుట్టిందే ఈ బాధ నుంచి. 1980లో ఇంటెల్ 8051 తెచ్చింది, ఇప్పటికీ కాలేజీల్లో పాఠం చెప్తారు దాన్ని. అప్పట్లో ఆ రకం చిప్పుల్లో తిరగరాసుకునే మెమరీ కావాలంటే పైన చిన్న గాజు కిటికీ ఉన్నది తీసుకోవాలి, ప్రోగ్రామ్‌లో ఒక్క తప్పు దొర్లితే దాన్ని అల్ట్రావయొలెట్ లైటు కింద పావుగంటో ఇరవై నిమిషాలో పెట్టి పాతది చెరిపి, ప్రోగ్రామర్ అని ఇంకో డబ్బా ఉంటుంది, దాంట్లో పెట్టి మళ్ళీ రాసుకోవాలి. ఇంట్లో కూర్చుని సరదాకి చేసే పనేనా అది? తర్వాత 1990ల్లో బేసిక్ స్టాంప్ అనేది వచ్చింది, వాడ్డానికి చాలా సులువు, కానీ స్టూడెంట్లు కొనుక్కోలేనంత రేటు. ఇటలీలో ఇవ్రెయా అనే ఊళ్ళో డిజైన్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒకటుండేది, అక్కడ హెర్నాండో బరగాన్ అనే స్టూడెంటు 2003లో తన థీసిస్ కింద వైరింగ్ అనే ప్లాట్‌ఫామ్ తయారుచేశాడు, దాని మీద నుంచి 2005లో మాసిమో బాంజీ, ఇంకొంతమంది కలిసి మరింత చవకైన చిప్పుతో ఆర్డునో తెచ్చారు. ఆ పేరు కూడా వాళ్ళు సాయంత్రాలు కూర్చునే ఒక బార్ పేరు, ఆ బార్‌కేమో వెయ్యేళ్ళ కిందట ఆ ఊరిని ఏలి ఇటలీ రాజైనవాడి పేరు. (బరగాన్‌కి రావాల్సినంత పేరు రాలేదని నాకెప్పుడూ అనిపిస్తుంది, అది వేరే గొడవ.) నేను చెప్పొచ్చేదేంటంటే ఆర్డునో మొదలైంది గొప్ప టెక్నాలజీ చూపిద్దామని కాదు, స్టూడెంట్లు కొనగలిగేది ఒకటి ఉండాలని. డిజైన్ ఫైళ్ళు కూడా దాచుకోకుండా బయట పెట్టారు, ఎవడైనా చూసి చేసుకోవచ్చు, అందుకే అన్ని క్లోన్లు, అంటే అదే డిజైన్‌తో వేరేవాళ్ళు చేసే బోర్డులు, వచ్చాయి.

ఆ పాత ఊనో బోర్డు మీద నాకు ఒక విషయం భలే నచ్చుతుంది. అసలు చిప్పు పొడుగ్గా, 28 కాళ్ళతో ఒక సాకెట్‌లో కూర్చుని ఉంటుంది, సోల్డర్ చేసి, అంటే కరిగించిన లోహంతో అతికించి ఉండదు. కాలిపోయిందనుకోండి, సన్న స్క్రూడ్రైవర్ రెండు పక్కలా కొంచెం కొంచెంగా పెట్టి లేపితే వచ్చేస్తుంది, బూట్‌లోడర్ (యూఎస్‌బీ నుంచి మన ప్రోగ్రామ్‌ని అందుకునే చిన్న ప్రోగ్రామ్) వేసిన కొత్త చిప్పు తెచ్చి గుచ్చుకోడమే, మిగతా బోర్డు బోర్డులాగే ఉంటుంది. యూఎస్‌బీ దగ్గర 500 మిల్లీ ఆంప్స్ ఫ్యూజు కూడా ఉంటుంది, మనం షార్ట్ చేస్తే అది వేడెక్కి కరెంటు ఆపేస్తుంది, చల్లారాక తనే మళ్ళీ మామూలైపోతుంది, మన కంప్యూటర్ పోర్టు బతికిపోతుంది. నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడని ముందే ఊహించి చేసిన డిజైన్ అది. ఇప్పుడొచ్చే చాలా బోర్డుల్లో చిప్పు గోరంత ఉండి బోర్డుకే అతుక్కుని ఉంటుంది, పోతే మొత్తం బోర్డు చెత్తబుట్టకే. చవకలో వచ్చే బోర్డు అయితే పర్లేదు, పారేస్తాం. ఖరీదైన బోర్డుకి కూడా అదే గతి అయితేనే కడుపు మండుతుంది.

మరి చవక బోర్డులు లేవా అంటే ఉన్నాయి, లేవని నేను అనట్లేదు. 2010లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు లాంచ్‌ప్యాడ్ అని ఒకటి 4 డాలర్ల 30 సెంట్లకి ఇచ్చారు, అప్పట్లో అది పెద్ద వార్త. 2014లో ఈఎస్‌పీ8266 అనే చిప్పు వచ్చి వైఫైని పప్పుబెల్లాల ధరకి దింపేసింది, 2016లో దాని అన్నలాంటి ఈఎస్‌పీ32 వచ్చింది. అదే ఏడాది బ్రిటన్లో బీబీసీ వాళ్ళు మైక్రోబిట్ అనే బోర్డుని ఏడో ఏడు చదివే పిల్లలకి సుమారు పది లక్షలు ఉచితంగా పంచిపెట్టారు, రేడియో టీవీలు నడుపుకునే సంస్థ బోర్డులు పంచడమేంటో చూడండి. 2021 జనవరిలో రాస్ప్‌బెర్రీ పై పికో అనే బోర్డు 4 డాలర్లకి వచ్చింది, రెండు కోర్లు, 264 కేబీ మెమరీ, అంటే ఇందాక చెప్పిన ఊనో చిప్పుకి నూట ముప్పై రెట్లు. ఇక చిప్పు ఒక్కటీ చూసుకుంటే సీహెచ్32వీ003 అని ఒకటుంది, 2022లో వచ్చినప్పుడు పెద్ద మొత్తంలో కొంటే పది సెంట్లే. చిప్పు రేటు అంత పడిపోయింది మరి.

కానీ బోర్డు రేటు ఒక్కటే ఖర్చు కాదు కదండి, కొత్తగా మొదలుపెట్టేవాడికి తగిలే దెబ్బలు వేరే ఉంటాయి, అవెవరూ ముందు చెప్పరు.

కేబులే చూడండి. నేను మళ్ళీ మొదలుపెట్టాక కొత్త బోర్డు తెచ్చుకుని గుచ్చితే లైటు వెలుగుతోంది గానీ కంప్యూటర్లో పోర్టు కనబడట్లా. డ్రైవర్ (బోర్డుని కంప్యూటర్ గుర్తుపట్టడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) తీసేశా, మళ్ళీ వేశా, కంప్యూటర్ రీస్టార్ట్ చేశా, వేరే కంప్యూటర్లో పెట్టా, రెండ్రోజులు పోయాయి, బోర్డు దొంగదిచ్చారని అమ్మినవాణ్ణి మనసులో తిట్టుకున్నా కూడా. చివరికి చూస్తే కేబుల్. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబులు, లోపల డేటా తీగలే లేవు, రెండంటే రెండే తీగలు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. బోర్డుతో పాటు మంచి కేబుల్ ఒకటి ఇవ్వకుండా రేటు తగ్గించాం అంటే ఏం తగ్గించినట్టు?

తర్వాత పిన్నులు. చవక బోర్డులు చాలావరకు పిన్ను వరసలు సోల్డర్ చెయ్యకుండా విడిగా కవర్లో వేసి ఇస్తారు, పికో కూడా మామూలుది అలాగే వస్తుంది. అంటే మొదటిసారి ఎల్‌ఈడీ వెలిగించాలనుకున్నవాడు దానికంటే ముందు సోల్డరింగ్ ఐరన్ కొని, సోల్డరింగ్ నేర్చుకుని, 40 కాళ్ళు అతికించాలి. వాడి జీవితంలో మొదటి సోల్డరింగ్ ఆ బోర్డు మీదే! పక్కపక్క కాళ్ళు కలిసిపోయి అక్కడే షార్ట్. పిన్నులు అతికించి అమ్మే రకం కూడా ఉంటుంది గానీ కొత్తవాడికి ఆ తేడా ఉంటుందనే తెలియదు, రేటు తక్కువున్నది చూసి ఆర్డర్ పెట్టేస్తాడు.

క్లోన్ల సంగతి ఇంకో కథ. క్లోన్ అంటే నాకేం కోపం లేదు, నా డబ్బాలో ఉన్నవన్నీ అవే, డిజైన్ ఓపెన్ కాబట్టి అది దొంగతనం కూడా కాదు, పేరూ లోగో దొంగిలిస్తేనే తప్పు. కానీ యూఎస్‌బీ కోసం ఒకళ్ళు ఒక చిప్పు వేస్తారు, ఇంకోళ్ళు సీహెచ్340 అనే ఇంకో చిప్పు వేస్తారు, దానికి ఒక్కోసారి డ్రైవర్ విడిగా వేసుకోవాలి, ఏ సైటు నుంచి దించుకోవాలో తెలీదు. 2014లో అయితే ఇంకా ఘోరం, ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్పులకి నకిలీలు వస్తున్నాయని వాళ్ళు కొత్త డ్రైవర్ వదిలారు, అది విండోస్ అప్‌డేట్‌లో జనాల కంప్యూటర్లలోకి వచ్చేసి నకిలీ చిప్పు కనిపిస్తే దాని గుర్తింపు నంబర్ని సున్నా చేసేసింది, దాంతో కంప్యూటర్ ఆ బోర్డుని గుర్తుపట్టడమే మానేసింది. జనం గోల చేశాక వెనక్కి తీసుకున్నారనుకోండి. నకిలీ చేసినవాడు ఎవడో, అమ్మినవాడు ఎవడో, మధ్యలో బోర్డు పోయింది మాత్రం ఏ పాపం తెలియకుండా కొనుక్కున్నవాడిది. బ్లూ పిల్ అని ఇంకో ఫేమస్ చవక బోర్డుంది, అందులో చాలావాటికి యూఎస్‌బీ లైను దగ్గర 1.5 కిలో ఓమ్స్ ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ వేసి వదిలేశారు, కొన్ని కంప్యూటర్లలో పని చేస్తుంది కొన్నిట్లో చెయ్యదు. అంత చిన్న రెసిస్టర్ దగ్గర అంత నిర్లక్ష్యం. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ ఇక్కడ పిండి సరిపోక కాదు, రెండు రెసిస్టర్లదీ రేటు ఒకటే.

స్టార్టర్ కిట్లు అని వస్తాయి చూడండి, వాటి మీద నాకు ఇంకా మంట. పెట్టె మీద ముప్పై ఏడు సెన్సార్లు అని రాసుంటుంది. నేర్చుకునేవాడు అందులో నాలుగు వాడతాడు, మిగతావి ఏంటో కూడా తెలియకుండానే తుప్పు పట్టిపోతాయి. స్టెమ్ అనో రోబోటిక్స్ అనో స్టిక్కర్ వేసి రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేసరికి అదే చిప్పు రేటు ఎన్నో రెట్లు. ఒక బోర్డు, ఒక డేటా కేబుల్, ఒక బ్రెడ్‌బోర్డు, గుప్పెడు ఎల్‌ఈడీలు, కొన్ని రెసిస్టర్లు, రెండు బటన్లు, వెలుతురు పసిగట్టే ఎల్‌డీఆర్ ఒకటి, పదిపదిహేను జంపర్ వైర్లు, ఇవి ఉంటే ఆరు నెలలు కాలక్షేపం. కావాలంటే నేను రాసిస్తా ఏమేం చెయ్యొచ్చో.

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు సంగతి చెప్పాలి. ఏడో క్లాసు. నా దగ్గర ఆ ఖరీదైన బోర్డున్నప్పుడు వాడు టేబుల్ దగ్గరికొస్తే నేను అన్న మాట ఒక్కటే, ముట్టుకోకు. పాపం చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు, కాసేపటికి విసుగొచ్చి వెళ్ళిపోయేవాడు. ఎనిమిది నెలల తర్వాత నేను బుద్ధి తెచ్చుకుని చవక క్లోన్లు మూడు ఒకేసారి తెప్పించా. ఈసారి వాడొస్తే ఒకటి చేతిలో పెట్టేసి 'కాలిస్తే కాల్చు, డబ్బాలో ఇంకోటుంది' అన్నా.

వాడు ముందు ఎల్‌ఈడీ తిరగేసి పెట్టాడు. 'బాబాయ్ వెలగట్లేదు' అన్నాడు. పొడుగు కాలు ఎటుందో చూడు అన్నా. తిప్పాడు, వెలిగింది. సెకను వెలుగు, సెకను చీకటి, అందరూ మొదట చేసేదే. తర్వాత నేను ఫోన్ వస్తే అవతలికి పోయా. వచ్చి చూస్తే ప్రోగ్రామ్‌లో 1000 అని ఉన్న అంకెని 500 చేశాడు, 100 చేశాడు, 50 చేశాడు, 10 చేసి 'బాబాయ్ ఇది ఆరట్లేదు, పాడైపోయిందా' అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. పాడవలేదురా, సెకనుకి యాభైసార్లు ఆరి వెలుగుతోంది, నీ కన్ను పట్టుకోలేకపోతోంది అన్నా. నమ్మలేదు. లైటు ఆపేసి బోర్డుని చేత్తో గాల్లో అటూఇటూ ఊపమన్నా. ఊపాడు. చీకట్లో గీతలా రావాల్సింది ముక్కలు ముక్కలుగా, చుక్కలు చుక్కలుగా కనబడింది. అంతే, ఇక పడుకోమంటే పడుకోడే! 5 పెట్టి ఊపాడు, 20 పెట్టి ఊపాడు, చుక్కల మధ్య దూరం మారుతోందని వాడే కనిపెట్టాడు. తీగ ఊడి రెండుసార్లు కిందపడింది బోర్డు. నాకు గుండె ఝల్లుమనలేదు, అది చవకదవ్వడం వల్లే. ఖరీదైన బోర్డుని కేబుల్‌తో సహా గాల్లో ఊపనిస్తానా నేను?

ఇంతా చేసి వాడు మూడు వారాల్లో ఒకటి కాల్చనే కాల్చాడు, 5 వోల్టుల పిన్నుని గ్రౌండుకి కలిపేసి. ఆ క్లోన్ బోర్డు తయారుచేసినవాళ్ళు ఫ్యూజు మిగుల్చుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. వాడు ఏడవలేదు, డబ్బాలోంచి ఇంకోటి తీసుకున్నాడు.

కొంతమంది అంటారు, కంప్యూటర్లో సిమ్యులేటర్లు ఉచితంగా ఉన్నాయి కదా, బోర్డెందుకు అని. నేనూ వాడతా, మంచివే, బోర్డు కొనేముందు అందులో రెండు వారాలు ఆడుకోమని నేనే చెప్తా. కానీ సిమ్యులేటర్లో తీగ లూజు అవ్వదు, చెమట చేత్తో ముట్టుకుంటే రీడింగ్ మారదు. నిజం బటన్ ఒక్కసారి నొక్కితే లోపల రేకు ఎగిరెగిరి పడి చిప్పుకి నాలుగుసార్లు నొక్కినట్టు లెక్క వస్తుంది, సిమ్యులేటర్లు కొన్ని దీన్ని కూడా చూపిస్తాయి గానీ అది ఎందుకలా అయిందో తెలీక అర్ధరాత్రి దాకా జుట్టు పీక్కున్నప్పుడే అది బుర్రకెక్కుతుంది. ఇంకొంతమంది పాత ఫోన్లున్నాయిగా వాటితో చెయ్యొచ్చుగా అంటారు, ఫోన్‌కి మనం తీగ గుచ్చే చోటేదండీ?

వోల్టేజీ గొడవ ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాత బోర్డులు 5 వోల్టులు, కొత్తవి ఎక్కువగా 3.3 వోల్టులు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే సెన్సార్ అందరూ మొదట కొనేవాటిల్లో ఒకటి, అది 5 వోల్టులతో నడుస్తుంది, దాని ఎకో పిన్ను నుంచి 5 వోల్టులే వస్తాయి. దాన్ని తీసుకెళ్ళి నేరుగా పికో లాంటి 3.3 వోల్టుల బోర్డుకి తగిలిస్తే ఆ పిన్ను మీద పడకూడని భారం పడుతుంది. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు పెట్టి వోల్టేజీ పంచుకుంటే సరిపోతుంది, 5 కాస్తా 3.3 అయిపోతుంది. ఈ ముక్క బోర్డు కవరు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి కదా? ఎక్కడో ఆరొందల పేజీల డేటాషీట్‌లో ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. ఊనోలో కూడా 2023లో వచ్చిన ఆర్4 ఒక్కో పిన్నుకి 8 మిల్లీ ఆంప్స్ మించొద్దంటుంది, పాత ఊనోకి 20 దాకా పర్లేదు. పాత పాఠాల్లో ఉన్నట్టు 220 ఓమ్స్ రెసిస్టర్‌తో ఎర్ర ఎల్‌ఈడీ పెడితే 13 పైనే పోతుంది. పేరు అదే, ఆకారం అదే, పాఠం మాత్రం పాతది. చూసుకోకపోతే మనదే తప్పంటారు.

అందుకని బోర్డులు తయారుచేసేవాళ్ళని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఇంకో కోరు వద్దు, ఇంకో మెగాహెర్ట్జ్ వద్దు, బ్లూటూత్ కూడా వద్దు. నేర్చుకునేవాడి కోసం ఒక్క బోర్డు, ఫ్యూజు ఉండాలి, ప్రతి పిన్ను దగ్గరా అడ్డంగా ఒక చిన్న రెసిస్టర్ ఉంటే పొరపాటున షార్ట్ చేసినా పిన్ను చావదు, పిన్నులు అతికించి ఉండాలి, పక్కన ఏ పిన్ను ఏంటో కంటికి కనబడేంత సైజులో రాసుండాలి, పికోలోలాగా బటన్ నొక్కి గుచ్చితే పెన్‌డ్రైవ్‌లా కనబడాలి, ఫైలు లాగి పడేస్తే ప్రోగ్రామ్ ఎక్కిపోవాలి, డ్రైవర్ గోల ఉండకూడదు. పిన్నుల దగ్గర రెసిస్టర్లు పెడితే బాగా స్పీడు సిగ్నళ్ళకి కొంచెం ఇబ్బందే, తెలుసు, మొదటి ఆరు నెలలు ఆ స్పీడు ఎవడిక్కావాలి? ఇంకోటి, అదే బోర్డు పదేళ్ళు మార్చకుండా అమ్మాలి. 2021లో చిప్పుల కరువొచ్చినప్పుడు బ్లూ పిల్ మీదుండే ఎస్‌టీఎం32 లాంటి చిప్పులు దొరక్క, దొరికినా రేట్లు ఆకాశంలో, బ్లూ పిల్ మీద రాసుకున్న పాఠాలన్నీ వృథా అయ్యాయి, జనం అన్నీ వదిలి వేరే బోర్డుకి మారి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సొచ్చింది.

ఇక మీకు, ఎడిటర్ గారూ. 2015 నవంబర్లో మ్యాగ్‌పై అనే పత్రిక 40వ సంచిక అట్ట మీద రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్నే అతికించి పాఠకులకి ఇచ్చారు, 2021లో హ్యాక్‌స్పేస్ అనే పత్రిక 39వ సంచికతో పికో బోర్డు అలాగే ఇచ్చారు. పత్రిక కొంటే బోర్డు ఫ్రీ. మీరు ఆదివారం అనుబంధానికి బోర్డు అతికించండి అని నేను అడగట్లేదు, పేపర్ వేసే అబ్బాయి నన్ను తిడతాడు. వారానికి ఒక అర పేజీ ఇవ్వండి చాలు. ఒక బోర్డు, ఒక బొమ్మ, ఏ తీగ ఎక్కడ పెట్టాలో తెలుగులో, పెడితే ఏమవుతుందో, తప్పు పెడితే ఏం కాలుతుందో. ఎల్‌ఈడీకి ఏ కాలు ఎటో తెలుగులో చదివి తెలుసుకునే చోటు నాకు ఇప్పటికీ సరిగా దొరకలేదు, అందరూ వీడియోలే, వీడియో చూస్తూ తీగ పెట్టాలంటే ప్రతి పది సెకన్లకీ ఆపాలి, చేతిలో ఏమో రెసిస్టర్. పేపరైతే టేబుల్ మీద బ్రెడ్‌బోర్డు పక్కనే పరుచుకోవచ్చు, సోల్డర్ బొట్టు పడ్డా పేపరే కదా.

రాసేవాళ్ళు దొరక్కపోతే మొదటి నాలుగు వారాలు నేను రాస్తా, డబ్బులేం వద్దు. మొదటి పాఠం ఎలాగూ మావాడు ఊపిన ఆ చుక్కల గీతే. వాడిప్పుడు ఎనిమిది ఎల్‌ఈడీలు నిలువుగా పేర్చి, ఊపితే గాల్లో వాడి పేరు కనబడేలా చేస్తానని కూర్చున్నాడు, 'ఒత్తుల దాకా రావట్లేదు, ఎనిమిది చాలట్లేదు బాబాయ్, పదహారు కావాలి' అంటున్నాడు. డబ్బాలో పన్నెండే ఉన్నాయి.

ఇట్లు,
మీ పేపర్ పాత పాఠకుడు